లారీ హారన్ దాకా

మొన్న మా డెయిరీ తలుపుకి వేలాడే ప్లాస్టిక్ పట్టీల తెర మార్పించాను. ఈగలు లోపలికి రాకుండా కట్టే తెర అది. కొత్తది బిగించడానికి వచ్చిన పనివాడు పాతదాన్ని ఎగాదిగా చూసి, మిగతా పట్టీలన్నీ శుభ్రంగానే ఉన్నాయి కదా, సరిగ్గా మధ్యలో ఈ రెండే ఎందుకు చిరిగాయని అడిగాడు. సరిగ్గా చెప్పాలంటే ఒక పూట పడుతుంది. ఒక పెద్దాయన వల్ల అని చెప్పి ఊరుకున్నాను. ఆ పెద్దాయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

డెయిరీ అంటే గేదెలనుకునేరు. కరీంనగర్‌లో మా చిన్నమ్మ ఇప్పటికీ అదే అనుకుంటుంది, ఫోన్ చేసినప్పుడల్లా పూటకి ఎన్ని లీటర్లు ఇస్తున్నాయని అడుగుతుంది. న్యూజిలాండ్‌లో వీధి మలుపులో ఉండే చిల్లర దుకాణాన్ని డెయిరీ అంటారు. పాలు, బ్రెడ్డు, పేపరు, ఐస్‌క్రీము, పిల్లలకి చాక్లెట్లు. హెండర్సన్ అనే పేటలో అలాంటిది ఒకటి కొనుక్కుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కౌంటరు వెనక నిలబడటం నా బతుకు. మా ఆయన వెల్లింగ్టన్ ఆఫీసుకి ఇంట్లో కూర్చునే కంప్యూటర్ పని చేస్తాడు. కూర్చునే ఉద్యోగం ఆయనకి, నిలబడే ఉద్యోగం నాకు. అందుకే నాకు కోపం కాస్త ఎక్కువ.

ఆ తెరని అందరూ భుజంతో నెట్టుకుని వస్తారు. ఆ పెద్దాయన మాత్రం బయటే ఒక క్షణం ఆగేవాడు. రెండు చేతులూ ఎత్తి, మధ్యలో పట్టీలు పట్టుకుని, ఫటేల్మని చెరో పక్కకీ లాగి గుమ్మంలో నిలబడేవాడు. నెత్తిన అంచులు పైకి మడిచిన తోలు టోపీ. ఒంటిమీద మోకాళ్ళు దాటని నిక్కరు. కాళ్ళకి రబ్బరు చెప్పులు. కళ్ళు చిట్లించి అరటిపళ్ళ బుట్టనీ, ఐస్‌క్రీము పెట్టెనీ, చివరికి నన్నూ పరిశీలించి, శత్రువులెవరూ లేరని తేల్చుకున్నాక అడుగు లోపల పెట్టేవాడు. ఇంతా చేసి కొనేది పాలు.

మొదటిసారి చూసినప్పుడు ఎవడో తేడా మనిషి అనుకుని ఫోను దగ్గర పెట్టుకున్నాను. కౌంటరు దగ్గరికి వచ్చి, నా మెడలో నల్లపూసలు చూసి, "బులా అమ్మాయ్, తెలుగుదానివా?" అన్నాడు. బులా అంటే ఫిజీవాళ్ళ నమస్కారం. ఆయన తాతగారు చెరుకు తోటల్లో పనికని ఓడెక్కి ఫిజీ వెళ్ళారట. నెల్లూరు పక్కన ఏదో ఊరు, పేరు ఎవరికీ గుర్తులేదు. ఈయన ఫిజీలో పుట్టి, అక్కడే చెరుకు కొట్టి, పిల్లలతో పాటు ఇక్కడికి వచ్చి సెటిల్ అయ్యాడు. ఆ తెలుగు మాత్రం ఓడెక్కిన నాటిదే, మధ్యమధ్య హిందీ ముక్కలు పడి నానిన తెలుగు. నేను మర్యాదగా అంకుల్ అన్నాను. "అంకులెవడు? నీకు మామ లేడా? మామా అను," అన్నాడు. అప్పటినుంచి మామ. వాళ్ళావిడని మాత్రం ఆంటీ అనే పిలిచాను. అత్త అనే మాట అప్పటికే కరీంనగర్‌లో ఒకావిడకి ఇచ్చేశాను, ఒకరు చాలు.

డబ్బు కట్టే కార్యక్రమం ఇంకోటి. నడుముకి బెల్టు, బెల్టుకి కుడిపక్కన తోలు సంచి. అందులో బ్యాంకు కార్డు. పాలు కౌంటరు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, కుడిచెయ్యి సంచికి జానెడు దూరంలో ఆపి, వేళ్ళు ఆడిస్తూ నిలబడేవాడు. నేను మిషనులో అంకెలు కొట్టి బీప్ అనిపించాలి. బీప్ వినపడగానే కార్డు దూసేవాడు. నేను ముందా, ఆయన ముందా అన్నది పందెం. వెనక బడికి పోయే పిల్లలూ, ఆఫీసుకి పోయేవాళ్ళూ వరసలో నిలబడి వాచీలు చూసుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. "మామా, కార్డు పెట్టరాదు, లైను ఆగింది," అనేదాన్ని. ఆయన వేళ్ళు ఆడిస్తూనే, కౌబాయ్ అయినా కరాటే వాడైనా చేసే పని నిలబడటమేననీ, మిగతాదంతా సంగీతమనీ చెప్పేవాడు. కుంగ్‌ఫూ, జూడో, కర్రసాము, అన్నీ ఆయనకి కరాటేనే.

ఆయన జీవితంలో సినిమా ఒకటే. కుర్రతనంలో ఫిజీలో చూసినది. పేరు తెలియదు, ఎవరు వేశారో తెలియదు. కరాటే వాడు కౌబాయ్‌ల దేశానికి వెళ్ళిన కథ. దాన్ని ముక్కలు ముక్కలుగా, నా కౌంటరు మీద మోచెయ్యి ఆనించి, ఏళ్ళ తరబడి చెప్పాడు. నేను వినలేదు, నా చెవిన పడింది. ఆ తేడా ఆయన పట్టించుకోలేదు.

కథ ఇదీ. చైనాలో కొండమీద ఒక మఠం. ముసలి గురువు. శిష్యుడు వట్టి చేత్తో కుండలు పగలగొడతాడు, ఇటుకలు విరగ్గొడతాడు. (ఇక్కడ నా బ్రెడ్డు ప్యాకెట్టు ఒకటి నలిగిపోయేది.) దుర్మార్గుడొకడు గురువుని చంపి పారిపోతాడు. శిష్యుడు సమాధి దగ్గర ఒట్టు వేసుకుంటాడు. వెంటనే ఎడారి. ఒక చెవి మాత్రం తెల్లగా ఉన్న గుర్రం మీద మన శిష్యుడు టోపీ పెట్టుకుని దిగుతాడు. ఊళ్ళో ఒకటే వీధి, ఒకటే బావి, ఆ బావి ఒక దుర్మార్గుడి చేతిలో. గురువుని చంపినవాడే వీడు, పేరు మార్చుకున్నాడు. చివరికి దుర్మార్గుడు తుపాకీ పట్టుకుని కొండమీద కాచుకుని ఉంటాడు. మనవాడు గుర్రం దిగి, తన తుపాకీ నేలమీద పారేసి, వట్టి చేతులతో కొండెక్కుతాడు. పైకి చేరతాడు. ఎదురెదురుగా నిలబడతారు. గాలి. దుమ్ము.

"అప్పుడు లారీ హారన్ కొట్టినారు," అనేవాడు మామ.

మొదటిసారి విన్నప్పుడు ఎడారిలోకి లారీ ఎలా వచ్చిందని అడిగాను. సినిమాలో లారీ కాదట, నిజం లారీ. శనివారం చెరుకు పని ముగిశాక కూలీల లారీ ఆయన్ని పట్నంలో దింపేది. థియేటర్లో మధ్యాహ్నం ఆట అప్పటికే మొదలైపోయి ఉండేది. పొద్దు వాలేసరికి లారీ తిరిగి బయల్దేరేది. హారన్ వినపడగానే పరిగెత్తాలి, లేకపోతే నడకే. ఒక్కసారి మాత్రం లారీ తప్పిపోయి, చెరుకు తోటల మధ్య చెప్పు తెగి, దాన్ని చేత్తో పట్టుకుని ఇంటికి నడిచాడట. వాళ్ళ నాన్న ఆ చెప్పుతోనే కొట్టాడట. ఆ సంగతి నవ్వుతూ చెప్పేవాడు. దెబ్బలు తిన్న తర్వాత కూడా అదే సినిమాకి ఎన్నోసార్లు వెళ్ళాడు, అన్నిసార్లూ హారన్ దాకానే.

అందుకని చివర ఏమైందో ఆయనకి తెలియదు. తుపాకీ గెలిచిందా, చెయ్యి గెలిచిందా? రోజుకో ముగింపు చెప్పేవాడు. ఒకరోజు తుపాకీ గుండుని రెండు వేళ్ళతో పట్టుకున్నాడనీ, ఇంకోరోజు కళ్ళలో దుమ్ము కొట్టాడనీ, వర్షం పడే రోజుల్లో ఇద్దరూ రాజీకి వచ్చారనీ. అన్నీ చెప్పి, ఏది నిజమో ఆ దేవుడికే తెలియాలని టోపీ తీసి గుండెలకి ఆనించేవాడు.

నాకు అనుమానాలు వచ్చేవి. నేను దుకాణందాన్ని, సరుకు తేడా ఉంటే తెలుస్తుంది. చైనాలో శిష్యుడికి గడ్డం లేదు, ఎడారిలో గడ్డం ఉంది, మొహమే వేరు అని ఆయనే అన్నాడొకసారి. అదెలా అంటే, ఎండకి మనిషి మారడా అన్నాడు. పొడుగు కూడా పెరిగాడు కదా అంటే, గుర్రం మీద ఎవడైనా పొడుగేనన్నాడు. మొదట చైనా భాష మాట్లాడినవాడు తర్వాత ఇంగ్లీషులో మాట్లాడటమేంటని నిలదీశాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"నువ్వు కరీంనగర్ నుంచి వచ్చి ఈ గల్లాపెట్టె దగ్గర ఏం భాష మాట్లాడుతున్నావే?"

వెనకున్న తెల్లావిడ పాలసీసా పెట్టి నిట్టూర్చింది.

ఇక్కడే మా ఆయన దిగాడు. ఆయనకి కంప్యూటరులో దొరకనిది ఉందంటే నిద్ర పట్టదు. కరాటే, కౌబాయ్ కలిసిన సినిమాలు నిజంగానే ఉన్నాయి, ఒకటీ రెండూ కాదు, చాలా. ఒకప్పుడు వాటి మోజు దేశదేశాలా పాకిందట. అందులో మామది ఏదో కనిపెట్టి, ముగింపు చూపించి, మామ డెబ్బై అయిదో పుట్టినరోజుకి కానుకగా ఇస్తానని మాట ఇచ్చాడు. మామ ముఖం వెలిగిపోయింది. లేక నాకలా అనిపించింది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం మామవాళ్ళ గరాజులో సినిమా. గరాజంటే కారు పెట్టుకునేది అని మా ఊరివాళ్ళు అనుకుంటారు. ఫిజీవాళ్ళింట్లో కారు బయట ఉంటుంది, గరాజులో తివాచీ, పాత సోఫాలు, గోడకి పెద్ద టీవీ, మధ్యలో కావా గిన్నె. కావా అంటే ఒక వేరు దంచి కలిపిన నీళ్ళు, బురద రంగులో ఉంటాయి, తాగితే నాలుక మొద్దుబారుతుంది. మా ఆయన నాలుక మొద్దుబారిన రోజులు నాకు ఇష్టం.

రైలు పట్టాలేసే కూలీల్లోంచి లేచి పిస్తోళ్ళవాళ్ళని తన్నే కరాటే వాడి సినిమా చూశాం. కాదన్నాడు మామ. హోటల్లో వంటవాడుగా చేరి, గరిటెతో నలుగురిని పడగొట్టే వాడి సినిమా చూశాం. కాదు, అయినా బాగుందన్నాడు, అది మాత్రం రెండుసార్లు వేయించుకున్నాడు. సగం ఇటలీవాళ్ళు, సగం హాంకాంగువాళ్ళు కలిసి తీసిన దానిలో ఒకడు పరుగెత్తే గుర్రం మీదనుంచి ఎగిరి ఇంకో గుర్రం మీదవాణ్ణి తన్ని, తిరిగి తన గుర్రం మీదే వాలాడు. మామ ఆపమన్నాడు. మనిషిని తన్నాడు సరే, ఆ గుర్రం ఎందుకు పడిపోయింది, దాని పాపమేంటి అని చాలాసేపు బాధపడ్డాడు. మంచి సినిమాకి ఆయన పెట్టుకున్న లెక్క ఒకటే. చెయ్యి లేచే ముందు ఎంతసేపు లేవకుండా ఉందో చూడాలి. గబగబా కొట్టుకునేవాళ్ళంటే ఆయనకి చిరాకు. అది సంతలో కొట్లాట, సినిమా కాదనేవాడు. ఒప్పుకోవడం ఇష్టం లేదు కానీ, ఆ ఆదివారాల కోసం నేను కూడా ఎదురుచూడటం మొదలుపెట్టాను. సినిమాల కోసం కాదు, పక్కన కూర్చుని ఆయన పెట్టే వంకల కోసం.

ఆంటీ మాత్రం ఎప్పుడూ ముళ్ళమీద కూర్చున్నట్టు ఉండేది. సన్నటి మనిషి, మాట పొదుపు. కొత్త సినిమా మొదలవ్వగానే పకోడీలు వేయించే పని వచ్చేది ఆవిడకి. వంటగది గుమ్మంలోంచి తొంగిచూసి, గుర్రం చెవులు రెండూ ఒకే రంగులో ఉన్నాయని తేలాక అప్పుడు వచ్చి స్థిమితంగా కూర్చునేది. ఈ చెవుల తనిఖీ ఎందుకో నాకు అంతుపట్టలేదు.

ఒక ఆదివారం పకోడీల పళ్ళెం అందుకోవడానికి వంటగదిలోకి వెళ్తే చెయ్యి పట్టుకుని ఆపింది. నా మొగుడితో చెప్పి ఈ వెతుకులాట ఆపించమంది. ఎందుకంటే, ఆ సినిమా లేదట.

"మామ అబద్ధం చెప్పిండా?" అన్నాను.

"అబద్ధం కాదు నా తల్లీ. అది ఒక సినిమా కాదు. రెండు."

అప్పుడు చెప్పింది. ఆ థియేటర్లో ఒక టికెట్టు మీద రెండు సినిమాలు వేసేవాళ్ళట. ముందు కరాటే సినిమా, విరామం తర్వాత కౌబాయ్ సినిమా. లారీ ఆలస్యంగా వచ్చేది కాబట్టి మామ మొదటిదాని రెండో సగం నుంచి చూశాడు. లారీ తొందరగా వెళ్ళిపోయేది కాబట్టి రెండోదాని చివర చూడలేదు. తల లేనిదీ తోక లేనిదీ కలిపి ఒకటిగా కుట్టుకున్నాడు. మొహం మారినా, భాష మారినా, ఆయన ప్రేమ మారలేదు.

ఆంటీకి ఎలా తెలుసంటే, వాళ్ళన్న ఆ థియేటర్లోనే బఠానీలు అమ్మేవాడు. ఆంటీవాళ్ళింట్లో ఆడపిల్లల్ని సినిమాకి పంపేవాళ్ళు కాదు. అన్న ప్రతి సినిమా మొదటినుంచి చివరిదాకా ఇంటికొచ్చి చెల్లెలికి ఆడి చూపించేవాడు. అలా రెండు సినిమాలూ ఆవిడకి పూర్తిగా తెలుసు. పెళ్ళిచూపులకి మామ వచ్చినప్పుడు, పెద్దవాళ్ళు కాసేపు మాట్లాడుకోండని అరుగుమీద వదిలితే, ఈయన మాట్లాడటానికి ఏమీ దొరక్క ఈ సినిమా చెప్పాడట. పెళ్ళయ్యాక ఆ సినిమాకి తీసుకెళ్తానని మాట కూడా ఇచ్చాడు. ఆవిడకి నవ్వు ఆగక పైట నోటికి అడ్డం పెట్టుకుంటే, పిల్ల సిగ్గుపడుతోందని పెద్దవాళ్ళు సంబరపడ్డారు. రెండు ముక్కలు అతికించి అంత ధైర్యంగా చెప్పేవాణ్ణి వదులుకోకూడదని ఆవిడ అప్పుడే అనుకుంది.

"చివర ఏమైంది అని అడిగినాను, ఏం చెప్తాడో చూద్దామని. లారీ హారన్ కొట్టినారు అన్నాడు."

"మరి అసలు చివర ఏమైతది?" అన్నాను.

ఆంటీ గరాజు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. కొండమీద దుర్మార్గుడు ఒక్కసారే కాల్చాడు. మొదటి గుండుకే మనవాడు చచ్చిపోయాడు. చెయ్యి లేవనే లేదు. గుర్రం ఒక్కటే కిందికి వెళ్ళిపోతుంది, అంతే సినిమా.

పొద్దున్నే ఆ తెర చీల్చుకుని వచ్చే మనిషి నా కళ్ళముందు నిలబడ్డాడు. ఆ కొండెక్కినవాడే ఆయన. టోపీ వాడిది, నడక వాడిది, కార్డు దూసే ఆ వేళ్ళు వాడివి. వాడు మొదటి గుండుకే కుప్పకూలాడని పుట్టినరోజు నాడు, మనవలందరి ముందూ చూపించబోతున్నాం. కానుక అని రంగుకాగితం చుట్టి మరీ.

ఆ రోజే మా ఆయనతో ఆపెయ్యమని చెప్పాను. ఎందుకో మాత్రం చెప్పలేదు, ఎందుకంటే ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. కారణం చెప్పకుండా ఆపమంటే మగవాళ్ళు ఆపుతారా? ఇంకా పట్టుదల పెరిగింది. పాత సినిమాల పిచ్చివాళ్ళు ఇంటర్నెట్‌లో ఒకచోట చేరి మాట్లాడుకుంటారట, అక్కడ తెల్లచెవి గుర్రం గురించి అడిగాడు. ఎక్కడో ఉన్న ఎవరో మహానుభావుడు పేరు చెప్పేశాడు. కాపీ దొరికింది. ముందు మనం ఒకసారి చూద్దామన్నాను. అందరం కలిసి మొదటిసారి చూస్తేనే మజా అని ఆయన ఒప్పుకోలేదు. ఆ మజా మాటకి ఆయన్ని ఏం చేయాలో నాకు తోచలేదు.

పుట్టినరోజు మధ్యాహ్నం గరాజు నిండిపోయింది. కొడుకులు, కోడళ్ళు, ఇంగ్లీషులో కీచులాడుకునే మనవలు. మామ ముందు సోఫాలో టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. సినిమా మొదలైంది. తెల్లచెవి గుర్రం రాగానే మామ రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు. ఆంటీ ఈసారి వంటగదిలోకి వెళ్ళలేదు. గోడకి ఆనుకుని నిలబడింది.

కాసేపటికి మా ఆయన వంగి, ఇందులో కరాటే ఎక్కడా లేదేంటని అడిగాడు. "ఇది రెండో భాగం బాబూ, మొదటిది చైనాలో ఉండిపోయింది," అన్నాడు మామ, తెరమీద నుంచి చూపు తిప్పకుండా.

బావి వచ్చింది. ఒకటే వీధి వచ్చింది. మామ ప్రతి మాటా నటుడికన్నా ముందే పెదవులతో అంటున్నాడు. కొండ కనపడింది. హీరో గుర్రం దిగాడు. తుపాకీ నేలమీద పడేశాడు. మనవలు కూడా నోళ్ళు మూసుకున్నారు. నేను రిమోటు కోసం చూశాను, అది మా ఆయన ఒళ్ళో ఉంది. కరెంటు తీగ లాగేద్దామా అంటే దాని మీద పెద్దకొడుకు కూర్చున్నాడు. ఆంటీ కోసం వెతికితే గోడ దగ్గర లేదు.

హీరో పైకి చేరాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. గాలి. దుమ్ము.

బయట హారన్ మోగింది.

ఒకటి కాదు, ఆపకుండా. డ్రైవ్ చేయడం రాని ఆంటీ, కొడుకు కార్లో డ్రైవరు సీటులో కూర్చుని, రెండు చేతులూ స్టీరింగు మీద వేసి, ఒళ్ళంతా ఆనించి నొక్కుతోంది. వీధి చివర కుక్కలు అందుకున్నాయి. ఎదురింటి న్యూజిలాండ్ పెద్దాయన గడ్డి కోసే మిషను ఆపేసి చూస్తున్నాడు.

మామ ఉలిక్కిపడలేదు. చిన్నగా నవ్వు మొదలై మొహమంతా పాకింది. మోకాళ్ళు పట్టుకుని లేచి, టోపీ సర్దుకున్నాడు. మా ఆయన కంగారుగా, "మామా, కూసో, ఇంక పది నిమిషాలే ఉన్నది," అన్నాడు.

"లారీ ఆగదు బాబూ," అన్నాడు మామ. అని, టీవీకి ఒక సలాం కొట్టి, రబ్బరు చెప్పులు తొడుక్కుని బయటికి నడిచాడు. వెళ్ళి కారు ఎక్కి ఆంటీ పక్కన కూర్చున్నాడు. ఆవిడ హారన్ మీదనుంచి చేతులు తీసింది. అద్దంలోంచి ఇద్దరూ ఏదో మాట్లాడుకోవడం కనపడింది కానీ వినపడలేదు. గరాజులో అందరూ చప్పట్లు కొట్టారు, ఇదంతా ముందే అనుకుని చేసిన తమాషా అనుకున్నారు. మా ఆయన ఒక్కడే కూర్చుని మిగతా సినిమా చూశాడు. ఇంటికొచ్చాక, "వాడు సచ్చిపోయిండే," అన్నాడు, స్వంత మనిషి పోయినంత దిగులుగా.

మర్నాడు మామ ఎప్పటిలాగే తెర చీల్చుకుని వచ్చాడు. ఇంత వెతికించి, చివర చూడకుండా లేచిపోవడమేంటని అడిగాను. చూసేస్తే రేపటినుంచి నీకేం చెప్పాలే అని, చెయ్యి సంచి దగ్గర పెట్టి వేళ్ళు ఆడించాడు. ఆ రోజు కొండమీద భూకంపం వచ్చిందని చెప్పాడు. గండం గడిచిందని నేను, ఆంటీ చాటుగా చేతులు పట్టుకుని నవ్వుకున్నాం. మేమే తెలివైనవాళ్ళం అనుకున్నాం.

చలికాలం మొదట్లో గుండె నొప్పని ఆసుపత్రిలో చేర్చారు. తిరిగి రాలేదు. అదే గరాజులో సోఫాలు తీసి పదమూడు రోజులు రామాయణం చదివారు, ఫిజీవాళ్ళ పద్ధతి. నేను కూడా వెళ్ళి కూర్చున్నాను. టీవీ మీద తెల్లగుడ్డ కప్పి, దాని మీద టోపీ పెట్టారు. నాకు ఏడుపు ఆగలేదు. పొద్దున్నే దుకాణంలో లైను ఆపకుండా అందరూ మర్యాదగా డబ్బులు కట్టి వెళ్ళిపోతుంటే ఏం బాగుంటుంది?

కర్మలన్నీ అయ్యాక ఒకరోజు ఆంటీ వచ్చింది. కొడుకు కారు బయట ఆపి కూర్చున్నాడు. ఆవిడ తెర పక్కనుంచి ఒదిగి వచ్చింది, చిరిగిన పట్టీలు ముట్టుకోలేదు. పాలు కౌంటరు మీద పెట్టి, ఆసుపత్రి సంగతి చెప్పింది.

ఆ మధ్యాహ్నం ఆయన బాగానే ఉన్నాడట. జెల్లీ తిన్నాడు. టోపీ ఏదని అడిగాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని, ఇప్పుడన్నా చెప్పు, కొండమీద వాడికి ఏమైంది, మీ అన్న నీకు చెప్పే ఉంటాడులే అన్నాడట.

"నేను చెప్పినాను. గెలిచినాడు. ఒక్కటి కొట్టినాడు, తుపాకీ ఎగిరి పడింది. కిందికి దిగొచ్చి గుర్రమెక్కి ఇంటికి పోయినాడు అన్నాను."

"మామ ఏమన్నడు?"

ఆంటీ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

"అయితే ఆ మొదటి గుండు తగల్లేదన్నమాట, అన్నాడు."

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. మొదటి గుండు సంగతి ఆయనకి ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. మా ఆయన చెప్పాడేమోనని అక్కడికక్కడే ఫోన్ చేసి నిలదీశాను, చెప్పలేదని మా అత్తమీద ఒట్టేశాడు. అప్పుడు తట్టి, పైకే అనేశాను. చెప్పు తెగిన రోజు. లారీ తప్పిపోలేదు, ఆయనే కావాలని వదిలేశాడు. కూర్చుని చివరిదాకా చూసి, తన మనిషి చచ్చిపోవడం చూసి, చెరుకు తోటల మధ్య నడిచి ఇంటికి వెళ్ళాడు.

"అది పెళ్ళికి ముందు సంగతి," అంది ఆంటీ. "పెళ్ళిచూపుల్లో కూర్చుని చివరేమైందని నేనడిగితే, శుభమా అని చావు మాట ఎట్లా చెప్తాడు? హారన్ అన్నాడు. అన్నాక ఇంక వెనక్కి తీసుకోలేకపోయినాడు, దొంగ."

నాకు మండింది. యాభై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఒకరు బాధపడతారని ఒకరు దాచుకున్నారు సరే, మధ్యలో నేనూ నా మొగుడూ ఏం పాపం చేశాం, ఆదివారాలన్నీ ఆ బురదనీళ్ళు తాగుతూ లేని సినిమా వెతికాం కదా అని గట్టిగానే అన్నాను. అంటూనే కళ్ళు తుడుచుకున్నాను. ఆంటీ కౌంటరు మీదనుంచి చెయ్యి చాపి, తన చీరకొంగుతో నా మొహం తుడిచింది.

బయట కొడుకు ఆలస్యమవుతోందని హారన్ కొట్టాడు.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "లారీ వచ్చిందమ్మా," అని ఆంటీ గబగబా వెళ్ళిపోయింది. పాలు కౌంటరు మీదే మరిచిపోయింది.